వీధి తలుపుకు ఎండుటాకుల వలయం: తక్కువ ఖర్చులో అల్లిన నా అనుభవం

ఈ శరదృతువులో మా వీధి తలుపుకు వేలాడదీయడానికి ఒక ఆకుల వలయాన్ని స్వయంగా అల్లాను. సెప్టెంబరు మొదటి వారంలో మొదలుపెట్టిన పని అక్టోబరు మధ్యకు గాని తలుపు మీదికి చేరలేదు. ప్లాస్టిక్ ఆకులు, పూలు కొనితెచ్చి అతికిస్తే ఇదంతా ఒక సాయంత్రంలో తేలిపోయే పనే. కానీ నాకు నిజమైన ఆకులే కావాలనిపించింది. పైగా కొనక తప్పని వాటికి తప్ప దేనికీ డబ్బు పెట్టకూడదని నియమం పెట్టుకున్నాను. ఈ రెండు పట్టుదలలూ కలిసేసరికి, అల్లడానికి పట్టే సమయం కన్నా ఆకులు ఆరడానికి పట్టే సమయమే చాలా రెట్లు ఎక్కువైంది. ఏది ఎన్నాళ్లు ఆగాలో ముందే తెలిసి ఉంటే మనసు అంత తొందరపడేది కాదు గనుక, జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

ఏ వస్తువునూ సమకూర్చుకోకముందే తలుపును కొలిచాను. వలయం వ్యాసం తలుపు వెడల్పులో సగానికీ, మూడింట రెండు వంతులకూ మధ్య ఉంటే చూపుకు నిండుగా ఉంటుందని అలంకరణ పనులు చేసేవారు ఒక లెక్క చెబుతారు. 90 సెంటీమీటర్ల తలుపుకు ఆ లెక్కన 45 నుంచి 60 సెంటీమీటర్లు వస్తాయి. వ్యాసం పెరిగేకొద్దీ కావలసిన ఆకులు కూడా ఊహించనంతగా పెరుగుతాయి కాబట్టి నేను 45 దగ్గరే ఆగాను. నిజానికి వ్యాసం కన్నా ముఖ్యమైన కొలత మందం. అసలు తలుపుకు బయట జాలీ తలుపు కూడా ఉన్నప్పుడు, ఆ రెండింటి మధ్య ఎంత ఖాళీ ఉందో అంతకన్నా వలయం పలుచగా ఉండాలి. లేకపోతే జాలీ తలుపు మూసిన ప్రతిసారీ ఆకులు నలిగి రాలిపోతాయి. మా తలుపుల మధ్య ఉన్న జాగాలో పైన్ కాయలను నిలబెట్టి కట్టడానికి వీలుండదని, వాటిని పక్కకు పడుకోబెట్టాలని ఈ కొలతతోనే తేలిపోయింది.

తర్వాత చట్రం. ఖర్చు లేని చట్రం అనగానే చాలామంది బట్టల హ్యాంగరు తీగను వంచమంటారు. దాన్ని విప్పి సాగదీస్తే మీటరుకు అటూ ఇటూగా వస్తుంది. గుండ్రంగా వంచినప్పుడు వ్యాసం 30 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. చిన్న కిటికీకి అది చాలు, పెద్ద తలుపు మీద వెలవెలబోతుంది. దళసరి అట్టను వలయంగా కోసి పాతగుడ్డ చుట్టడం మరో దారి, కానీ అట్ట తేమను పీల్చుకుని మెత్తబడి కిందివైపు సాగుతుంది కనుక ఇంటి లోపలి తలుపులకే అది పనికొస్తుంది. అందుకని పక్కింటివారు పందిరి నుంచి కత్తిరించి పడేసిన ద్రాక్షతీగలను అడిగి తెచ్చుకున్నాను. పచ్చిగా ఉన్నవి చెప్పినట్టు వంగాయి. కోసి కొన్నాళ్లైనవి మాత్రం వంచబోతే ఫెళ్లున విరిగే స్థితిలో ఉన్నందున రాత్రంతా నీళ్లలో నానబెట్టాను. తెల్లవారేసరికి అవి కూడా లొంగాయి. ఆకులన్నీ దూసేసి, నులితీగలను మాత్రం ఉంచాను. అవి తర్వాత రెమ్మలను పట్టి ఉంచడానికి సహజమైన కొక్కేల్లా ఉపయోగపడ్డాయి.

పొడవాటి తీగ ఒకదాన్ని మొదట గుండ్రంగా చుట్టి, మిగిలినవాటిని ఒకదాని తర్వాత ఒకటి దాని చుట్టూ మెలిపెడుతూ, ప్రతి కొసను పక్క తీగల సందులో దోపుకుంటూ పోవాలి. చేతి బొటనవేలంత మందం వచ్చేసరికి చట్రం తనంతట తాను నిలబడుతుంది. ఇంకా కొంచెం మందం కోసం నేను మరికొన్ని చుట్లు వేసి, అక్కడక్కడ పురికొసతో బిగించి, గోడకు తగిలించి వదిలేశాను. పచ్చితీగ ఆరేకొద్దీ సన్నబడుతుంది. వారం తిరిగేసరికి గట్టిగా కట్టిన కట్లన్నీ వదులై చేతికి ఆడసాగాయి. వాటిని విప్పి మళ్లీ బిగించవలసి వచ్చింది. చట్రం పూర్తిగా ఆరకముందే ఆకులు కట్టేస్తే తర్వాత ఆ వదులును సరిచేయడానికి దారి ఉండదు. కాబట్టి ఈ పనిని అన్నింటికన్నా ముందు ముగించి పక్కన పెట్టడం మేలు.

ఇక ఆకులు. ఈ పని మొత్తంలో నన్ను అన్నింటికన్నా ఎక్కువగా కట్టిపడేసిన భాగం ఇదే. సెప్టెంబరు 22, 23 తేదీల్లో పగలూ రాత్రీ సమానమయ్యే సమయానికి చెట్లలో అక్కడక్కడ రంగు మొదలైంది. ఆకులోని పత్రహరితం విరిగిపోతూ ఉంటే, అంతవరకు దాని కింద దాగి ఉన్న పసుపు, నారింజ రంగులు బయటపడతాయి. ఎరుపు మాత్రం చాలా చెట్లలో అప్పటికప్పుడు కొత్తగా తయారవుతుంది. అదే సమయంలో తొడిమ మొదట్లో చెట్టు ఒక పొర కట్టి, ఆకుకు నీళ్లు వెళ్లే దారిని క్రమంగా మూసేస్తుంది. ఈ రెండో సంగతి నా పనికి ఎంతో ముఖ్యమైంది. ఆకులను మెత్తగా నిలిపి ఉంచే గ్లిజరిన్‌ను రెమ్మ తన కాడ ద్వారా పీల్చుకోవాలంటే ఆ దారి తెరిచి ఉండాలి. అంటే పచ్చగా ఉన్నప్పుడు కోసిన రెమ్మలనే గ్లిజరిన్ నీటిలో నిలబెట్టవచ్చు, అప్పుడు కూడా రెండు మూడు వారాలు పడుతుంది. రంగు తిరిగిన ఆకులనైతే విడివిడిగా ద్రావణంలో ముంచి ఉంచాలి.

మంచు ఆరిపోయి, ఆకుల మీద తడి లేని వేళ చూసుకుని ఏరడానికి వెళ్లేదాన్ని. తడిసిన ఆకులను దొంతరగా పెడితే ఒక్క రాత్రిలోనే నల్లమచ్చలు వస్తాయి. నేలమీద పడిన వాటిలో ఆ రోజే రాలినవి మాత్రమే పనికొస్తాయి. వేళ్లతో వంచితే విరగకుండా వంగాలి, తొడిమ గట్టిగా ఉండాలి. మేపుల్ ఆకులు చూడగానే మనసు లాగేస్తాయి గానీ పలుచన కావడంతో తొందరగా ముడుచుకుపోతాయి. ఓక్ ఆకులు దళసరిగా ఉండి, రంగు అంత మెరవకపోయినా ఆకారాన్ని చక్కగా నిలుపుకుంటాయి. వలయానికి నిండుదనం ఓక్ ఆకులతో తెచ్చి, మేపుల్ ఆకులను పైపైన నాలుగు చోట్ల వాడుకోవాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. పొదల్లో ఎర్రగా మెరిసే తీగలను చూసి చేయి చాచే ముందు అది ఏ మొక్కో తప్పకుండా తెలుసుకోవాలి. ఉత్తర అమెరికాలో పెరిగే పాయిజన్ ఐవీ శరత్తులో అందంగా ఎరుపెక్కుతుంది. ఎండిన తర్వాత కూడా దాని పసరు చర్మానికి తగిలితే దద్దుర్లు, బొబ్బలు వస్తాయి. మూడేసి చిట్టాకుల గుత్తులు, పెద్ద తీగకు గోధుమరంగు నూగులాంటి వేళ్లు దాని గుర్తులు.

తెచ్చిన ఆకులను నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని ఒక్కో పద్ధతిలో ఉంచి చూశాను. ఏ పద్ధతి ఎలా ఫలించిందో వివరంగానే చెప్పాలి, ఎందుకంటే వలయం రెండు వారాలు నిలుస్తుందా, రెండు నెలలు నిలుస్తుందా అన్నది తేలేది ఇక్కడే.

ఏమీ చేయకుండా గాలికి ఆరబెట్టినవి కొద్ది రోజుల్లోనే దొప్పల్లా ముడుచుకుని, పట్టుకుంటే పొడి అయ్యే స్థితికి వచ్చాయి. పాత వార్తాపత్రికల మధ్య పరిచి, పైన బరువైన పుస్తకాలు పెట్టినవి వారం పది రోజుల్లో చదునుగా, చక్కటి రంగుతో ఆరాయి. మొదటి మూడు నాలుగు రోజులు కాగితాలు మారుస్తూ ఉంటేనే ఆ రంగు నిలుస్తుంది, ఎందుకంటే ఆకు వదిలిన తేమ కాగితంలో ఉండిపోతే మచ్చలు పడతాయి. చూడటానికి బాగున్నా అవి పెళుసువి. తలుపు చప్పుడుకు తట్టుకునేవి కావు.

గ్లిజరిన్ ఒక వంతు, నీళ్లు రెండు వంతులు కలిపి, వెడల్పాటి పళ్లెంలో పోసి, ఆకులు తేలిపోకుండా పైన ఇంకో పళ్లెం బోర్లించాను. మూడు రోజులు దాటాక తీసి చూస్తే కొన్ని మెత్తబడ్డాయి, దళసరివి ఇంకా పెళుసుగానే ఉన్నాయి. ఓక్ ఆకులకు ఆరో రోజు వరకు పట్టింది. బయటకు తీసి పాతగుడ్డతో అద్ది ఆరబెట్టాక ఒక ఆకును గుప్పిట్లో నలిపి వదిలాను. మెల్లగా విచ్చుకుని, ఒక్క ఈనె కూడా విరగకుండా మళ్లీ అరచేతిలో పరుచుకుంది. ఆ క్షణంలో కలిగిన ఆనందం ఇంకా గుర్తుంది. అయితే దీనికి చెల్లించే మూల్యం రంగు: ఎరుపు ఇటుకరంగుకు దిగింది, పసుపు తేనెరంగులోకి మారింది, కాస్త పచ్చదనం మిగిలిన చోట్ల ముదురు గోధుమరంగు వచ్చింది.

రంగును నిలబెట్టింది మైనం. ఇంట్లో కాల్చగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలను ఒక డబ్బాలో వేసి, ఆ డబ్బాను వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాను. పారాఫిన్ మైనాన్ని నేరుగా మంట మీద ఎప్పుడూ పెట్టకూడదు. బాగా వేడెక్కితే అంటుకుంటుంది, అంటుకున్న మైనం మీద నీళ్లు పోస్తే మంట ఎగసిపడుతుంది. కాబట్టి పొయ్యి ఆపేసిన తర్వాతే ఆకులు ముంచాను. ముందు రెండు రోజులు పుస్తకాల కింద ఆరిన ఆకులనే వాడాలి, తడి ఆకుకు మైనం పట్టదు. తొడిమ పట్టుకుని ఒక్కసారి ముంచి తీసి, విదిలించి, కాగితం మీద పెడితే అరనిమిషంలో గట్టిపడుతుంది. మైనం వేడి తగ్గి చిక్కబడితే ఆకు మీద తెల్లటి పొర కనిపిస్తుంది. అప్పుడు నీళ్లను మళ్లీ వేడిచేయాలి. ఈ ఆకులు చెట్టు మీద ఉన్నప్పటికన్నా ఒక పిసరు ఎక్కువగానే మెరిశాయి. అడుగున గ్లిజరిన్ ఆకులు, పైన కనబడే చోట మైనపు ఆకులు అన్న నిర్ణయానికి ఇలా వచ్చాను.

ఆకులు ఆరుతున్న రోజుల్లోనే పైన్ కాయలు, ఓక్ కాయలు సమకూర్చుకున్నాను. వీటిలో పురుగులు, గుడ్లు ఉంటాయి. ఓక్ కాయల్లోనైతే ముక్కుపురుగు లార్వాలు తరచుగా కనిపిస్తాయి. చిన్న రంధ్రం ఉన్న కాయలను అక్కడే వదిలేయాలి. మిగిలినవాటిని పళ్లెంలో రేకు కాగితం పరిచి, సుమారు 95 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఓవెన్‌లో అరగంట నుంచి ముప్పావు గంట ఉంచాను. ఆ సమయమంతా అక్కడి నుంచి కదలకుండా ఉండటం అవసరం, ఎందుకంటే పైన్ కాయల్లో మండే బంక ఉంటుంది. ముడుచుకుని ఉన్న పొలుసులు సన్నటి చిటపటలతో ఒక్కొక్కటే విచ్చుకోవడం అద్దంలోంచి చూశాను. బంక కరిగి పొలుసుల మీద సన్నటి మెరుగులా పరుచుకుంది. ఇల్లంతా ఆ వాసన నిండింది. రేకు కాగితం వేయకపోతే ఆ బంకను పళ్లెం నుంచి వదిలించడం చాలా కష్టం.

ఖర్చు గురించి అందరూ అడుగుతారు కనుక వాటాలుగా చెబుతాను. పెట్టిన డబ్బులో దాదాపు సగం గ్లిజరిన్‌కే అయింది. మిగిలిన సగం పూలతీగ (పూల అల్లికలకు వాడే సన్నటి లోహపు తీగ) చుట్ట, గ్లూ గన్‌లో (జిగురును వేడికి కరిగించి వదిలే సాధనం) పెట్టే కడ్డీలు, వెడల్పాటి రిబ్బను పంచుకున్నాయి. గ్లూ గన్ అరువు తెచ్చుకున్నది. కొనవలసి వస్తే మిగతా అన్నింటికన్నా అదే ఎక్కువయ్యేది, కాబట్టి ఒక్క వలయం కోసం కొనకండి. తీగలు, ఆకులు, కాయలు, మైనం, పురికొస, అన్నీ ఉచితంగా వచ్చినవే. అలంకరణ వస్తువుల్లో కొనడానికి మనసు పీకేవి చిన్న గుమ్మడికాయ బొమ్మలు, మెరుపు పొడి పూసిన కాయలు. వాటి ముందు నిలబడి వెనక్కి రావడం నాకు సులభం కాలేదు. కానీ అవి తేకపోవడంతో వలయానికి ఏ లోటూ కనిపించలేదు.

అక్టోబరు రెండో వారంలో అల్లిక మొదలుపెట్టాను. మైనం పూసిన ఆకుకు వేడి గ్లూ అంటదు. గ్లూ వేడికి మైనం కరిగి, చల్లారగానే ఆకు ఊడి చేతికి వస్తుంది. మిగిలిపోయిన ఒక ఆకు మీద ముందుగా పరీక్షించి చూసినందువల్ల ఆకులన్నింటినీ తీగతోనే కట్టాను. గ్లిజరిన్ ఆకుల మీద కూడా సన్నటి జిడ్డు ఉంటుంది కనుక వాటికీ తీగే నయం. నాలుగైదు ఆకుల తొడిమలను ఒకచోట చేర్చి, తీగతో రెండు చుట్లు చుట్టి చిన్న కట్టలు చేసుకున్నాను. మొదటి కట్టను చట్రానికి బిగించాక, రెండో కట్ట ఆకులు మొదటిదాని తొడిమలను కప్పేలా పెట్టాలి. అలా ఒకే దిశలో తిరుగుతూ రావాలి. తీగను ఎక్కడా కోయకుండా చట్రం చుట్టూ తిప్పుకుంటూ పోతే పట్టు బాగా వస్తుంది. చివరి కట్ట తొడిమలను దాచడానికి మొదటి కట్ట ఆకులను మెల్లగా పైకెత్తి కిందికి దూర్చాను. ఇక్కడే గ్లిజరిన్ ఆకుల విలువ తెలుస్తుంది. ఎండిన ఆకులైతే ఆ ఎత్తడంలోనే విరిగిపోయేవి.

పైన్ కాయలకు అడుగు వరుస పొలుసుల మధ్యనుంచి తీగ తిప్పి, వెనక మెలిపెట్టి కట్టాను. గ్లూ వాడింది ఓక్ కాయలకు మాత్రమే. వాటి టోపీలు ఎండాక ఊడిపోతాయి గనుక కాయకూ టోపీకీ మధ్య ఒక చుక్క, కాయను చట్రానికి నిలబెట్టడానికి ఇంకొక చుక్క. గ్లూ గన్లలో తక్కువ వేడి రకం కూడా 120 డిగ్రీల దరిదాపుల్లో పనిచేస్తుంది. పక్కన చల్లటి నీళ్ల గిన్నె పెట్టుకోవడం మంచిది, వేలికి అంటిన వెంటనే ముంచవచ్చు. గ్లూ వదిలే సన్నటి దారాలను చేత్తో లాగనక్కర్లేదు. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో ఒక్క క్షణం వేడిగాలి తగిలిస్తే కరిగి మాయమవుతాయి, కానీ ఆ గాలిని మైనపు ఆకుల వైపు పోనివ్వకూడదు.

మా అమ్మాయి వలయాన్ని తలుపు దగ్గర పట్టుకుని నిలబడితే, నేను మెట్లు దిగి దూరం నుంచి చూశాను. బల్ల మీద ఎంతో నిండుగా అనిపించినది అక్కడ ముద్దగా కనిపించింది. "అమ్మా, ఈ పక్కన తీగలు కనబడేటట్టు వదిలేస్తే బాగుంటుందేమో" అంది అమ్మాయి. ఎడమవైపు పైభాగంలో మూడో వంతు మేర ఆకులు తీసేసి, నులితీగలతో సహా చట్రాన్ని బయటికి కనిపించనిచ్చాం. తీసిన ఆకులు దాచుకున్నాం. ఆ ఖాళీ వల్లే మిగిలిన రంగులు కంటికి ఆనాయి. పైగా కావలసిన ఆకులు కూడా అంతమేర తగ్గుతాయి కాబట్టి, మొదటిసారి చేసేవారు ఇలాగే మొదలుపెట్టవచ్చు.

తగిలించడం చిన్న పనే గానీ తలుపుకు గీతలు పడకుండా చూసుకోవాలి. తలుపు పైఅంచుకు తగిలించే ఇనుప కొక్కెం మందం వల్ల మా తలుపు సరిగా మూసుకోలేదు, చుట్టూ ఉన్న రబ్బరు పట్టీకి అది అడ్డుపడింది. అందుకని రిబ్బనును వలయంలోంచి దూర్చి, రెండు కొసలనూ తలుపు పైఅంచు మీదికి తెచ్చి, ఆ అంచు మీదనే డ్రాయింగ్ పిన్నులు గుచ్చాను. తలుపుకు ముందూ వెనకా ఒక్క రంధ్రం కూడా కనబడదు. వలయం వెనక తీగ కొసలన్నీ లోపలికి వంచి, తలుపుకు తగిలే చోట్ల పాత ఉన్నిగుడ్డ ముక్కలు కుట్టాను. గాలికి ఊగకుండా అడుగున సన్నటి చేపల గాలం దారంతో ఒక ముడి వేసి తలుపు కింది చెక్కకు కట్టాను.

నవంబరు మూడో వారంలో ఇది రాస్తున్నాను. గ్లిజరిన్ ఆకులు కట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మైనపు ఆకుల్లో ఎండ పడే వైపువి కాస్త వెలిశాయి; రెండు మూడింటిని, దాచిన వాటితో మార్చాను. పైన్ కాయలు ముసురు పట్టిన రోజుల్లో ముడుచుకుని, ఎండ రాగానే తెరుచుకుంటున్నాయి. తేమకు అలా ముడుచుకోవడం వాటి సహజ గుణమే కాబట్టి చెడిపోయాయని తీసేయకండి. వర్షం జల్లు నేరుగా పడే తలుపైతే మాత్రం ఈ వలయాన్ని లోపలి వైపు తగిలించుకోవడమే మేలు, నీళ్లు తగిలితే గ్లిజరిన్ కొద్దికొద్దిగా బయటికి కారి తలుపు మీద జిడ్డు మరకలు పడతాయి.

చలికాలం ముదిరాక దీన్ని దించి తీగలు విప్పుతాను. మైనం పూసిన ఆకులు ఎరువు గుంటలో వేయడానికి పనికిరావు, వాటిని విడిగా పారేయాలి. చట్రం, పైన్ కాయలు, పూలతీగ మళ్లీ వాడుకునేవే. వాడగా మిగిలిన గ్లిజరిన్ ద్రావణాన్ని పాతగుడ్డతో వడకట్టి, సీసాలో పోసి, పేరు రాసి పెట్టాను. వచ్చే ఏడు ఆగస్టులోనే పచ్చి ఓక్ రెమ్మలను అందులో నిలబెట్టి, కాడలతోనే పీల్చుకోనిచ్చి చూడాలని ఉంది.